కొలతల చుట్టరికం

పాఠ్యభాగ ఉద్దేశం: కంప్యూటరు తెరపై వస్తువులను రూపొందించే విద్యలో ఒక భాగం కొలత మరొక భాగం కొలతకు ఏ విధంగా ఆధారమవుతుందో, ఆ ఆధారాన్ని ఎక్కడ నిలుపుకోవాలో, ఎక్కడ తెంచుకోవాలో మన శిల్పుల ప్రమాణ పద్ధతి సాయంతో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

నంద్యాల నుంచి కడపకు వెళ్ళే రహదారి మీద, శిరివెళ్ళ దాటిన తరువాత, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆళ్ళగడ్డ పట్టణం ఉంది. అహోబిల నారసింహుని దర్శించబోయే యాత్రికులు ఇక్కడ దారి మళ్ళుతారు. అంతకాలం కర్నూలు జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరింది. జిల్లా మారినా ఊరి పేరు చెప్పగానే మనసుకు తోచేది మాత్రం మారలేదు. అది ఉలి చప్పుడు. తరతరాలుగా కృష్ణశిలను దేవతామూర్తులుగా మలుస్తున్న శిల్పుల ఊరు ఇది. ఆళ్ళగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది.

ఒక గ్రామంలో కొత్తగా విష్ణ్వాలయం కడుతున్నారనుకొందాం. ఆ ఆలయ ధర్మకర్త విగ్రహం కోసం ఆళ్ళగడ్డ వచ్చి, శాస్త్రం తెలిసిన ఒక పెద్ద శిల్పిని కలుసుకొన్నాడు.

"స్థపతిగారూ, స్వామివారి విగ్రహం ఎంత ఎత్తు ఉంటే బాగుంటుందంటారు?"

"అది నేను చెప్పవలసినది కాదండీ. మీ గర్భగుడి వాకిలి చెప్పాలి. వాకిలి ఎత్తు కొలిచి తెచ్చారా?"

ధర్మకర్తకు ఈ సమాధానం కొంత వింతగా తోచి ఉంటుంది. విగ్రహం కొనడానికి వస్తే వాకిలి కొలత అడుగుతాడేమిటి? కాని స్థపతి ప్రశ్నకు శాస్త్రాధారం ఉంది. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ప్రతిమాలక్షణాన్ని చెప్పేటప్పుడు ప్రతిమ ఎత్తును ఆలయ ద్వారం నుంచే లెక్కించాడు. ద్వారం ఎత్తులో ఎనిమిదవ వంతు తీసివేయాలి. మిగిలిన దానిని మూడు భాగాలు చేయాలి. ఒక భాగం పీఠం, రెండు భాగాలు ప్రతిమ. ఇది ఆయన చెప్పిన లెక్క.

ఈ లెక్కను ఒకసారి చేసి చూద్దాం. వాకిలి ఎత్తు 216 సెంటీమీటర్లు. అందులో ఎనిమిదవ వంతు 27. అది పోగా మిగిలినది 189. దానిలో మూడవ వంతు 63 సెంటీమీటర్లు పీఠం. 126 సెంటీమీటర్లు ప్రతిమ. ఇక ప్రతిమ లోపలి కొలతలు. ప్రతిమ ఎత్తును 108 సమభాగాలు చేసి ఒక్కొక్క భాగాన్ని ఆ ప్రతిమకు 'తన అంగుళం' అన్నారు. ఆగమ గ్రంథాలు ఇటువంటి ప్రమాణాన్ని దేహలబ్ధాంగుళం అంటాయి. అంటే దేహం నుంచి లభించిన అంగుళం. ఇది బజారులో దొరికే కొలబద్ద మీది అంగుళం కాదు. ప్రతి విగ్రహానికీ దానిదైన అంగుళం ఒకటి పుడుతుంది. ముఖం 12 అంగుళాలు, మెడ 4, మెడ నుంచి హృదయం వరకు 12, అక్కడి నుంచి నాభి వరకు 12, నాభి దిగువన మరొక 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4. అన్నీ కలిపితే సరిగ్గా 108. మన లెక్కలో ముఖం 14 సెంటీమీటర్లు, తొడ 28 సెంటీమీటర్లు అవుతాయి.

(ముఖం పొడవు 14 అంగుళాలు ఉండాలని నగ్నజిత్తు చెప్పినట్లూ, అది ద్రావిడ ప్రమాణమైనట్లూ వరాహమిహిరుడే పేర్కొన్నాడు. దక్షిణదేశపు ఆగమాలు ప్రధానమూర్తులైన విష్ణువుకూ శివునికీ 124 అంగుళాల ఉత్తమ దశతాలాన్ని విధిస్తాయి. అంకెలలో భేదాలున్నా పద్ధతి ఒక్కటే. శాస్త్రకారులు ఏకాభిప్రాయంతో ఉండకపోవడం మన సాహిత్యంలో కొత్త సంగతేమీ కాదు.)

ఇప్పుడు ధర్మకర్త మనసు మార్చుకొన్నాడు. వాకిలిని 324 సెంటీమీటర్లకు పెంచాడు. అంటే ఒకటిన్నర రెట్లు. అప్పుడు పీఠం 94.5 సెంటీమీటర్లు, ప్రతిమ 189, ముఖం 21, తొడ 42. ఎవరూ ఒక్కొక్క అవయవాన్ని విడివిడిగా ఆలోచించనక్కరలేదు. వాకిలి మారితే ప్రతిమ మారింది. ప్రతిమ మారితే అంగుళం మారింది. అంగుళం మారితే కనుబొమ్మ దాకా సమస్తమూ మారింది. కొలతల మధ్య ఒక చుట్టరికం ఉంది. ఆ వంశవృక్షానికి మూలపురుషుడు వాకిలి.

నేటి యంత్రశాస్త్ర విద్యార్థి కంప్యూటరు తెర ముందు కూర్చుని చేసే పనిలోనూ ఈ చుట్టరికమే ప్రధానం. కంప్యూటరు సహాయంతో రూపకల్పన చేసే ఈ విద్యను పొడి అక్షరాలలో 'క్యాడ్' అంటారు. విడి భాగాలను ఒక్కచోట చేర్చిన కూర్పుకు అసెంబ్లీ అని పేరు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇవాన్ సదర్లాండ్ అనే పరిశోధకుడు తన డాక్టరేటు సిద్ధాంత వ్యాసం కోసం 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రామును రచించాడు. అందులో ఒక మూలచిత్రాన్ని గీసి దాని ప్రతిరూపాలను ఎన్నిచోట్లనైనా నిలపవచ్చు. మూలచిత్రంలో ఒక గీత మారిస్తే ప్రతిరూపాలన్నింటిలోనూ ఆ గీత మారుతుంది. 1988లో వెలువడిన 'ప్రో ఇంజనీర్' అనే ప్రోగ్రాము కొలతలను ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతిని పరిశ్రమలలో విస్తారంగా వ్యాపింపజేసింది. ఆ తరువాత 1995లో సాలిడ్‌వర్క్స్, 1999లో ఇన్వెంటర్ వచ్చాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన ఫ్రీక్యాడ్ కూడా నేడు లభిస్తున్నది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. క్యాడ్ విద్య మన శిల్పశాస్త్రాలలోనే ఉన్నదని నేను అనబోవడం లేదు. సదర్లాండ్ బృహత్సంహిత చదివి స్కెచ్‌ప్యాడ్ రాయలేదు. ఒకే చిక్కు ఎదురైనప్పుడు వేరు వేరు కాలాలలోని వారు ఒకే రకమైన దారి కనుగొనడం సహజం. అయితే మన పక్క ఊరిలో ఉన్న దారి మనకు తెలిసి ఉంటే, దూరపు దారిని అర్థం చేసుకోవడం సులువవుతుంది.

క్యాడ్‌లో ఈ చుట్టరికం రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది లింక్డ్ కాంపోనెంట్, అనగా అనుసంధిత భాగం. రెండవది డిరైవ్డ్ కాంపోనెంట్, అనగా ఉత్పన్న భాగం. వీటి మధ్య భేదాన్ని తెలుగు విద్యార్థి తన వ్యాకరణ పాఠం నుంచే గ్రహించవచ్చు. 'స్తంభం' అనే సంస్కృత పదాన్ని మనం దాదాపు ఉన్నరూపంలో వాడుకొంటే అది తత్సమం. అదే పదం మార్పు చెంది 'కంబం' అయితే తద్భవం. 'సింహం' తత్సమం, 'సింగం' తద్భవం. అనుసంధిత భాగం తత్సమం వంటిది. ఎన్నిచోట్ల కనిపించినా మూలరూపం ఒక్కటే. ఉత్పన్న భాగం తద్భవం వంటిది. మూలం నుంచి పుట్టి, తనదైన రూపాన్ని కొంత కలుపుకొన్నది. ఒక్క తేడా ఉంది. తద్భవం పుట్టిన తరువాత మూలపదంతో దానికి పని ఉండదు. క్యాడ్‌లోని ఉత్పన్న భాగం మాత్రం మనం తెంచేవరకు తల్లి వైపు చూస్తూనే ఉంటుంది. తల్లి మారితే తానూ మారుతుంది. తాను మారినంత మాత్రాన తల్లి మారదు.

నంద్యాల పరిసరాలు నవనందులకు ప్రసిద్ధి. కనుక ఒక నంది మండపాన్నే ఉదాహరణగా తీసుకొందాం. పాలిటెక్నిక్ విద్యార్థి ఒకరు నాలుగు స్తంభాల మండపాన్ని తెరపై నిర్మిస్తున్నారు. నాలుగు స్తంభాలను నాలుగుసార్లు గీయడం అవివేకం. ఒక స్తంభాన్ని ఒక ఫైలులో గీసి, దానిని అసెంబ్లీలో నాలుగు మూలల అనుసంధానం చేస్తే చాలు. రేపు స్తంభం అడుగు చతురస్రాన్ని రెండు సెంటీమీటర్లు పెంచవలసి వస్తే ఒక్కచోట పెంచుతారు, నాలుగూ పెరుగుతాయి. ఇదంతా అనుసంధానం.

అయితే నాలుగు స్తంభాల మీదా నాలుగు వేరు వేరు శిల్పాలు ఉండాలనుకొంటే? దిగువ అహోబిలం ఆలయంలోని విజయనగర కాలపు మండపాలను చూసిన వారికి ఈ ప్రశ్న వెంటనే స్ఫురిస్తుంది. అక్కడి స్తంభాలకు ఒక సామాన్యమైన కట్టుబడి ఉంది. వాటి మీది బొమ్మలు మాత్రం వేరు. అటువంటి చోట అనుసంధానం పనికిరాదు. ఒక స్తంభం మీద నరసింహుణ్ణి చెక్కితే నాలుగింటి మీదా నరసింహుడే వెలుస్తాడు. అప్పుడు చేయవలసినది ఉత్పత్తి. బొమ్మలు లేని మూలస్తంభం ఒకటి గీసి, దాని నుంచి నాలుగు ఉత్పన్న స్తంభాలను పుట్టించి, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క బొమ్మను చేర్చాలి. స్తంభం ఎత్తు మారితే నాలుగూ మారతాయి. బొమ్మలు ఎవరివి వారికే ఉంటాయి.

ఇక్కడివరకు యంత్రం మనకు తోడు. ఇక మీదట మన బుద్ధి తోడు కావాలి.

వైష్ణవాలయాల వాకిలికి ఇరువైపులా జయవిజయులు నిలిచి ఉంటారు. ఒకరు కుడికాలు మడిస్తే మరొకరు ఎడమకాలు మడుస్తారు. ఒకరు అద్దంలో చూసుకొంటే రెండవవారు కనిపిస్తారా అన్నట్లు ఉంటారు. క్యాడ్‌లో అద్దపు ప్రతిబింబంగా ఉత్పన్న భాగాన్ని పొందే సౌకర్యం ఉంది. జయుణ్ణి గీసి ఒక్క ఆజ్ఞ ఇస్తే విజయుడు సిద్ధమవుతాడు. విద్యార్థి సంతోషిస్తాడు. కాని శిల్పి ఆ తెర వంక చూసిన మరుక్షణమే తప్పు పట్టుకొంటాడు. జయుని యజ్ఞోపవీతం ఎడమ భుజం మీద నుంచి కుడివైపుకు దిగుతున్నది. విజయుని యజ్ఞోపవీతం కుడి భుజం మీదికి వెళ్ళింది! కుడి భుజం మీద ధరించడం పితృకర్మల వేళ మాత్రమే. దేవుని వాకిట కావలి ఉన్నవాడు అలా ఉండకూడదు. అద్దానికి కుడి ఎడమలు తెలుసు గాని ఆచారం తెలియదు. ప్రధానమూర్తి విషయంలో అయితే దోషం మరింత పెద్దది. విష్ణుమూర్తిని అద్దంలో తిప్పితే, సాధారణంగా పై కుడిచేతిలో ఉండే చక్రం ఎడమచేతిలోకి, ఎడమచేతి శంఖం కుడిచేతిలోకి పోతాయి.

మరి జయవిజయులిద్దరినీ విడివిడిగానే గీయాలా? అక్కరలేదు. యజ్ఞోపవీతం లేని జయుణ్ణి మూలంగా గీయాలి. దాని ప్రతిబింబంగా విజయుణ్ణి పుట్టించాలి. ఆ తరువాత ఇద్దరికీ వేరువేరుగా, ఇద్దరికీ ఎడమ భుజం మీదే యజ్ఞోపవీతాన్ని చేర్చాలి. జయుని చేర్పు కూడా మూలంలో కాక, మూలం నుంచి పుట్టిన మరొక భాగంలోనే జరగాలి. ఇద్దరికీ సమానమైనది తల్లిలో ఉంచి, ఎవరికి వారిదైనది బిడ్డలలో ఉంచడం ఈ విద్యలోని కీలకం. బస్సు తలుపుల నుంచి విమానం రెక్కల దాకా ఎడమ కుడి జంటలున్న ప్రతి వస్తువుకూ ఈ సూక్ష్మం వర్తిస్తుంది. కుడివైపు తలుపును తిప్పి ఎడమవైపు తలుపు పుట్టించినప్పుడు, దాని మీది అక్షరాలు కూడా తిరగబడి ఉంటాయి.

ఇంకొక చిక్కు. విగ్రహం అడుగున కొంత రాతిని విడిచిపెట్టి చెక్కుతారు. అది పీఠం మీది గుంటలోకి దిగుతుంది. రెంటి మధ్య మిగిలిన సందును ప్రతిష్ఠ సమయంలో అష్టబంధనంతో పూరిస్తారు. విగ్రహం ఆళ్ళగడ్డలో తయారవుతున్నది. పీఠం గుడి దగ్గర మరొకరు చెక్కుతున్నారనుకొందాం. గుంట కొలత విగ్రహం అడుగు కొలత నుంచి ఉత్పన్నం కావాలి. అడుగు పెరిగి గుంట పెరగకపోతే ఏమవుతుంది? ముహూర్తం నిశ్చయమైంది, ఊరంతా చేరింది, క్రేను విగ్రహాన్ని ఎత్తి పీఠం మీదికి తెచ్చింది. విగ్రహం దిగదు. తెర మీద అయితే ఒక మీట నొక్కి సవరించవచ్చు. రాతి మీద ఉలి వేసి పెద్దది చేయవలసిన గుంటను ఎలాగో పెద్దది చేస్తారు గాని, ఒకవేళ గుంటే ముందుగా పెద్దదై ఉంటే దానిని చిన్నది చేసే ఉలి లోకంలో లేదు.

కాబట్టి అడుగునూ గుంటనూ ముడివేయాలి. అయితే వాకిలి ఒకటిన్నర రెట్లు పెరిగితే, సందు కూడా ఒకటిన్నర రెట్లు కావాలా? కానక్కరలేదు. ఆ సందు అష్టబంధనం పట్టు కోసం ఉద్దేశించినది. దాని వెడల్పును నిర్ణయించేది వాకిలి కాదు, అష్టబంధనం స్వభావం. కనుక 'గుంట కొలత = అడుగు కొలత + నియతమైన సందు' అని రాయాలి. సమస్తాన్నీ ఒకే నిష్పత్తితో పెంచే విద్యార్థి ఇక్కడ పొరబడతాడు. యంత్రాలలో మరమేకులకూ ఇదే న్యాయం. పంపు ఒకటిన్నర రెట్లు పెద్దదైనంత మాత్రాన దాని మరమేకును ఒకటిన్నర రెట్లు పెంచితే, ఆ కొలత మరమేకు అంగడిలో దొరకదు. మరమేకులు కొన్ని నియత పరిమాణాలలోనే తయారవుతాయి. వాటిలో తగినదానిని ఎంచుకోవాలి.

బరువు సంగతి మరీ విచిత్రమైనది. 126 సెంటీమీటర్ల విగ్రహం 400 కిలోలు తూగిందనుకొంటే, 189 సెంటీమీటర్ల విగ్రహం 600 కిలోలు తూగదు. పొడవు, వెడల్పు, మందం మూడూ ఒకటిన్నర రెట్లు పెరుగుతాయి కనుక బరువు 3.375 రెట్లు పెరిగి 1350 కిలోలవుతుంది. కాని ఆ బరువును మోసే చీలమండల అడ్డకోత వైశాల్యం 2.25 రెట్లే పెరుగుతుంది. అంటే చీలమండల దగ్గర రాతి మీద పడే ఒత్తిడి కూడా ఒకటిన్నర రెట్లయింది. సన్నని చేతుల విషయమూ అంతే. అందుకే రాతి శిల్పాలలో చేతికీ దేహానికీ మధ్య, కాళ్ళ వెనుక కొంత రాతిని తొలగించకుండా ఉంచడం చూస్తుంటాం. చూపరులకు అది అసంపూర్తి పనిగా కనిపించవచ్చు. ఒక నిష్పత్తి ఎంతవరకు చెల్లుతుందో ఎరిగినవాడు విడిచిన రాయి అది.

ఇక తెగిన బంధాల మాట. క్యాడ్‌లో అసెంబ్లీ ఫైలు తన భాగాలను తనలో దాచుకోదు. అవి ఏ పేరుతో, ఏ చోట ఉన్నాయో మాత్రమే గుర్తుంచుకొంటుంది. విద్యార్థి ఇంట్లో పని చేసి, అసెంబ్లీ ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకొని కళాశాలకు తెస్తే, అక్కడ తెరిచినప్పుడు స్తంభాలు లేని మండపం కనిపిస్తుంది. ఫైలు పేరు మార్చినా ఇదే గతి. చిరునామా ఇవ్వకుండా ఇల్లు మారిన బంధువుకు శుభలేఖ అందనట్లే ఇది. అసెంబ్లీని తరలించేటప్పుడు భాగాలతో సహా మూటగట్టి తరలించే సౌకర్యం దాదాపు ప్రతి ప్రోగ్రాములోనూ ఉంటుంది. దానిని వాడుకోవడం మొదటి రోజే నేర్చుకోవాలి.

బంధాన్ని మనమే కావాలని తెంచవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. విగ్రహం చెక్కడం పూర్తయింది. దాని కొలతలు ఇక మారవు. ఆ స్థితిలో ధర్మకర్త వాకిలిని మరొక జానెడు పెంచితే, తెర మీది విగ్రహం బుద్ధిగా పెరిగిపోతుంది. రాతి విగ్రహం పెరగదు. అప్పటి నుంచి తెర మీది విగ్రహం అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. దానిని నమ్మి ఎవరైనా మకరతోరణం చేయిస్తే అది అమరదు. అందువల్ల రాయి పూర్తయిన నాడే తెర మీది బంధాన్ని తెంచాలి. ఇన్వెంటర్ వంటి ప్రోగ్రాములలో ఇందుకు రెండు మార్గాలున్నాయి. బంధాన్ని తాత్కాలికంగా నిద్రపుచ్చడం ఒకటి. అవసరమైతే మళ్ళీ మేల్కొలపవచ్చు. శాశ్వతంగా తెంచడం రెండవది. ఆ భాగాన్ని ఆ తరువాత తల్లితో తిరిగి కలపడం సాధ్యం కాదు. రెండవ మార్గాన్ని అనుసరించే ముందు ఒక నకలు దాచుకోవడం మంచిది.

తల్లిదండ్రుల వరస తారుమారు కావడం మరొక ప్రమాదం. ద్వారం నుంచి విగ్రహం పుట్టాలని ఒకరు రాశారు. అదే అసెంబ్లీలో పని చేస్తున్న మరొకరు, విగ్రహం బాగా కనిపించాలని, విగ్రహం ఎత్తు నుంచి ద్వారం ఎత్తు పుట్టేటట్లు రాశారు. ద్వారాన్ని అడిగితే విగ్రహం వైపు, విగ్రహాన్ని అడిగితే ద్వారం వైపు చూపుతాయి. కంప్యూటరు ఈ వలయాన్ని గుర్తించి పని ఆపివేస్తుంది. తర్కశాస్త్రంలో దీనికి అన్యోన్యాశ్రయ దోషమని పేరు. నంది మండపంలో ఈ దోషం సులువుగా చొరబడుతుంది. నంది కొమ్ముల మధ్య నుంచి శివలింగాన్ని దర్శించే ఆచారం మనకు ఉంది కదా. ఆ చూపు గీత కుదరాలంటే నంది ఎత్తునూ లింగం ఎత్తునూ కలిపి ఆలోచించాలి. అప్పుడు ఏది మూలమో ముందే నిశ్చయించుకోకపోతే, ఒకసారి లింగాన్ని బట్టి నందినీ, మరొకసారి నందిని బట్టి లింగాన్నీ సవరిస్తూ పోవలసి వస్తుంది. ఆలయంలో ఏది మూలమో సందేహం లేదు. 'మూలవిరాట్టు' అనే పేరులోనే సమాధానం ఉంది. యంత్రాల అసెంబ్లీలో మాత్రం ఆ పేరు ఎవరూ ముందుగా పెట్టి ఉంచరు. ఏ భాగం మూలమో రూపకర్త పని మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి.

రాతిని చెక్కే కంప్యూటరు యంత్రాలు శిల్పశాలలలోనూ ప్రవేశించిన కాలం ఇది. తెర మీది రూపాన్ని ఉన్నది ఉన్నట్లు ఆ యంత్రం రాతిలోకి దించుతుంది. తెర మీది యజ్ఞోపవీతం కుడి భుజం మీద ఉంటే రాతి మీదా కుడి భుజం మీదే ఉంటుంది. ఉలి పట్టినవాడికి ప్రతి దెబ్బకూ నడుమ ఆలోచించే వ్యవధి ఉండేది. యంత్రానికి ఫైలు అందించేవాడికి ఆ వ్యవధి అంతా ఫైలు అందించక ముందే ఉంది.

అభ్యాసం

1. అనుసంధిత భాగానికీ ఉత్పన్న భాగానికీ గల భేదాన్ని తత్సమ, తద్భవ పదాల పోలికతో ఇరవై పంక్తులలో వివరించండి.
2. ఒక చిన్న ఆలయ ద్వారం ఎత్తు 108 సెంటీమీటర్లు. బృహత్సంహితలోని లెక్కను అనుసరించి పీఠం, ప్రతిమ, ముఖం కొలతలు కనుగొనండి.
3. "అద్దానికి కుడి ఎడమలు తెలుసు గాని ఆచారం తెలియదు" – సందర్భాన్ని తెలిపి వ్యాఖ్యానించండి.
4. విడదీసి సంధి పేరు రాయండి: విష్ణ్వాలయం, అన్యోన్యాశ్రయం, యజ్ఞోపవీతం, దేహలబ్ధాంగుళం.